ఎవరూ చూడని పువ్వు

మా అమ్మ చేతిలో ఒక్క మొక్క కూడా చావలేదని మా బిల్డింగంతా నమ్మేది. ఆ చచ్చిన మొక్కలను నల్ల కవర్లో మూటకట్టి, కింద చెత్తడబ్బాలో పడేసి వచ్చేదాన్ని నేను.

అమ్మకి ఆర్కిడ్ల పిచ్చి. పిచ్చి అని మర్యాదకి అంటున్నాను. మూడు గదుల ఇంట్లో నూట పది కుండీలు ఉండేవి. బాత్రూమ్‌లో, వాషింగ్ మెషీన్ మీద, ఫ్రిజ్ మీద, నా మంచానికీ కిటికీకీ మధ్య ఉన్న జానెడు సందులో కూడా అవే. ఆర్కిడ్ మట్టిలో బతకదు, దానికి బెరడు ముక్కలు, బొగ్గు, నాచు కావాలి. ఆ బెరడును అమ్మ మేం వండుకునే పెద్ద గిన్నెలోనే ఉడకబెట్టేది. వారానికోసారి చేపల చెత్తతో చేసిన ఎరువు నీళ్ళలో కలిపి పోసేది. ఆ రోజు మా ఇంట్లో కూర్చున్నవాళ్ళ జుట్టు మర్నాటిదాకా కంపు కొట్టేది. ఆకుల కింద తెల్ల పురుగు పడితే స్పిరిట్‌లో ముంచిన టూత్‌బ్రష్‌తో రుద్దేది. అది నా టూత్‌బ్రష్ అని తెలియడానికి నాకు వారం పట్టింది.

"పాతదనుకున్నానే," అంది అమ్మ.

"వారం నుంచీ దాంతోనే పళ్ళు తోముకుంటున్నాను."

"అందుకే నీ పళ్ళకి పురుగు పట్టలేదు," అన్నాడు నాన్న, పేపర్లోంచి తల ఎత్తకుండా. నాన్న రిటైరైన బస్సు డ్రైవరు. ఆ ఇంట్లో ఆయనకు మిగిలింది ఒక్క కుర్చీ. "కుండీలకి గుచ్చినట్టు నాకూ ఓ పేరు చీటీ రాసి గుచ్చవే, వారానికోసారైనా పలకరిస్తావు," అని అమ్మను ఏడిపించేవాడు.

నేను రక్తపరీక్షల ల్యాబులో పనిచేస్తాను. రక్తం అని బోర్డు మీద రాస్తారు గానీ, రోజంతా నా ముందుకు వచ్చేవి ఊరివాళ్ళ కఫం, చీము, మలమూత్రాలు. అసహ్యం నాకు కొత్త కాదు. సబ్బుతో చేతులు కడుక్కుంటే పోతుంది. ఆ చలికాలం పట్టుకున్నది మాత్రం ఏ సబ్బుకీ వదల్లేదు.

జబ్బు పడ్డ మొక్కలు పట్టుకుని వారానికి ఇద్దరు ముగ్గురైనా అమ్మ దగ్గరికి వచ్చేవాళ్ళు. మొక్కల డాక్టరమ్మ అని పేరు పడింది. పేరు పడ్డాక ఇంక ఆగుతుందా! వచ్చినవాళ్ళను గుమ్మంలోనే నిలబెట్టి, "దీన్ని చంపి తెచ్చారు కదమ్మా," అని ఓ గసురు గసిరి, ఆ తర్వాతే లోపలికి రానిచ్చేది. అందరికీ చెప్పే మొదటి సూత్రం ఒకటుంది. మేం పెంచే రకానికి ఆకులన్నీ ఒకే చోట, మధ్యలోంచే పుడతాయి. ఆ మధ్య గుంటలో నీళ్ళు నిలవకూడదు. నిలిస్తే కుళ్ళుతుంది, అది కుళ్ళితే మళ్ళీ మొలవడానికి దానికి ఇంకో చోటు లేదు. పొరపాటున నీళ్ళు పడితే కాగితం కొసతో అద్దేయాలి. ఇది నేను నిద్రలో కూడా అప్పజెప్పగలను.

వానలు వెనకపట్టే రోజుల్లో, ఒక ఆదివారం పొద్దున, పై అంతస్తులో ఉండే టైలరు పిన్ని ఓ కుండీని రెండు చేతులతో పట్టుకుని మెట్లు దిగి వచ్చింది. పిన్ని అంటే చుట్టరికం కాదు, చిన్నప్పటి నుంచి నా గౌన్లన్నీ కుట్టింది ఆవిడే, ఆ పిలుపు అలా అతుక్కుంది. మెడలో కొలత టేపు ఇంకా అలాగే ఉంది.

"అక్కా, దీనికి ఊపిరాడట్లేదనిపిస్తోంది. వేర్లన్నీ బయటికొచ్చేస్తున్నాయి. కాస్త చూస్తారా?"

అమ్మ గసరబోయి, ఆకులు చూసి ఆగింది. గట్టివి, మెరిసేవి, అయిదు. "మొక్క బాగానే ఉందే. ఏం రంగు పూస్తుంది?"

"అదే తెలీదక్కా. ఇంతవరకూ పూయలేదు."

ఆమె భర్త ఒక కాలేజీలో ల్యాబ్ అటెండరుగా చేసేవారు. రెండేళ్ళ కిందట పోయారు. కాలేజీ తోటలో ఒక పెద్ద తెల్లపూల ఆర్కిడ్, ఒక చిన్న పసుపుపూల ఆర్కిడ్ ఉండేవట. పుల్లతో దాని పుప్పొడి తీసి దీనికి అంటించి, కాయ పండేదాకా కాచుకుని, విత్తనం తీశారట. ఆర్కిడ్ విత్తనం దుమ్ములా ఉంటుంది, నేలలో చల్లితే మొలవదు. గాజు సీసాల్లో జెల్లీ పోసి అందులో వేయాలి. ఆరు సీసాలు వేస్తే అయిదింటికి బూజు పట్టింది. మిగిలిన సీసాలో మొలిచినవాటిలో చివరికి బతికింది ఇదొక్కటే. అలాంటి మొక్క ప్రపంచంలో ఇంకోటి లేదు. దాని పువ్వు ఎలా ఉంటుందో ఇంతవరకూ ఎవరూ చూడలేదు.

"ఆయన పసుపు పూస్తుందన్నారు. నేను తెలుపన్నాను," అంది పిన్ని. "ఆయన ఏదంటే దానికి అడ్డం చెప్పడం నాకు అలవాటు. పందెం కాశాం. ఓడినవాళ్ళు బతికినంతకాలం పొద్దున్నే లేచి టీ పెట్టాలి."

"మరి ఇప్పుడు?" అన్నాడు నాన్న. అనేసి నాలిక కరుచుకున్నాడు.

పిన్ని నవ్వేసింది. "ఇప్పుడు టీ ఎలాగూ నేనే పెట్టుకుంటున్నా అన్నయ్యగారూ. ఎవరు గెలిచారో తెలిస్తే చాలు."

అమ్మ మొక్కను తిప్పి చూసింది. కింద నుంచి రెండో ఆకు అంచున గోరంత చిరుగు కనబడింది. "ఇదేంటి, నత్త కొరికిందా?"

"కాదక్కా. కొత్త వేరు వచ్చిందేమోనని వంగి చూస్తుంటే ఆయన కళ్ళజోడు జారి ఆకు మీద పడింది. ఆ రోజంతా అన్నం ముట్టలేదు మహానుభావుడు."

కుండీలో ఒక తెల్లటి ప్లాస్టిక్ చీటీ గుచ్చి ఉంది. ఇంకు ఎండకి పోతుందని పెన్సిలుతో రాశారు. తల్లి మొక్క, తండ్రి మొక్క, విత్తిన తేదీ. గుండ్రటి చేతిరాత.

వార్తాపత్రిక పరిచి అమ్మ మొక్కను బయటికి లాగింది. లోపలి బెరడు ఎప్పుడో చివికిపోయింది, మురిక్కాలవ పక్కన తవ్వినట్టు వాసన. అమ్మ పాడైన వేర్లను రెండు వేళ్ళ మధ్య పట్టి లాగుతుంటే పైతోలు తడి కాగితంలా జారి, లోపలి నార పోగు మాత్రం మిగులుతోంది. గోధుమరంగు నీళ్ళు ఆమె మోచేతుల దాకా కారాయి. పిన్ని ముక్కు మూసుకోలేదు. పిల్లకు ఆపరేషన్ జరుగుతుంటే గాజు తలుపు అవతల నిలబడ్డ తల్లిలా చూసింది.

ఒప్పుకోవాలి, ఆ పని అమ్మ బాగా చేసింది. కత్తెరను మంట మీద కాల్చి, చల్లార్చి, కుళ్ళినవి మాత్రమే కోసింది. వెండి రంగులో గట్టిగా ఉన్న ఏడు వేర్లను ఒక్కటీ విరగకుండా కొత్త బెరడులో సర్దింది.

"రెండు వారాలు నా దగ్గరే ఉంచు. కోలుకున్నాక తీసుకెళ్దువు గానీ. ఈ చలికాలం పూయించే పూచీ నాది," అంది.

అంత మాట అననక్కర్లేదు. పిన్ని అడగలేదు కూడా.

తర్వాతి శనివారం అమ్మ బృందం వచ్చింది. పదిమంది ఆడవాళ్ళు, ఇద్దరు మగవాళ్ళు. నెలకోసారి ఒకరింట్లో కూడి ఒకరి మొక్కలను ఒకరు మెచ్చుకుని, మెట్లు దిగుతూ తిట్టుకుంటారు. సీసాలో పుట్టిన మొక్క అంటే వాళ్ళకి మాటలా! అమ్మ దాన్ని బల్ల మధ్యలో పెట్టింది. ఫొటోలో ఆకులు మెరవాలని పిచికారీతో నీళ్ళు కొట్టింది. అటు నుంచి ఒకసారి, ఇటు నుంచి ఒకసారి. ఫొటోలు అయ్యాక, వేర్లు కోసిన మొక్కకి తేమ కావాలని పారదర్శకమైన కవరు తొడిగి, మూతి కట్టి, వాషింగ్ మెషీన్ మీద పెట్టేసింది. కాగితం కొస సంగతి ఆ పొగడ్తల్లో ఎటు పోయిందో పోయింది.

నాలుగో రోజు నేను మధ్యాహ్నం షిఫ్టు దిగి ఇంటికొచ్చి తలుపు తీయగానే ఆ వాసన తగిలింది. ల్యాబులో క్రిములు పెంచే పళ్ళేల్లోంచి వచ్చే వాసన అది. బాక్టీరియా తిని తిని బలిసినప్పుడు వస్తుంది. అమ్మ అప్పుడే కవరు విప్పుతోంది. మధ్య ఆకును పట్టుకుంది. పట్టుకున్నది పట్టుకున్నట్టే చేతిలోకి ఊడి వచ్చింది, కింద జిగురు తీగలా సాగింది. ఊడిన చోట నల్లటి ముద్ద. రోజూ చీము చూసే నాకు డోకొచ్చింది. సింకు దగ్గరికి పరుగెత్తాను. సింకులో కూడా కుండీలే.

అమ్మ ఆ గుంటలో మందు పోసింది. బుసబుసమని నురగ వచ్చింది. మర్నాడు మధ్యాహ్నానికి మిగిలిన ఆకులు కూడా ఒక్కొక్కటే పడిపోయాయి.

"పిన్నికి చెప్పేద్దాం," అన్నాను.

"ఏమని?"

"చచ్చిపోయిందని."

"నా చేతిలో ఒక్క మొక్క కూడా చావలేదు," అంది అమ్మ. వేళ్ళకి ఆ జిగురు ఇంకా ఉంది. నా కళ్ళలోకి చూస్తూ, నిజం చెప్పేవాళ్ళు చెప్పినట్టే చెప్పింది.

తర్వాత మా ఇంట్లో ఉన్న టేపు తీసి, ఊడిన ఆకులను వరసగా పేర్చి, పొడవు వెడల్పు కొలిచి కాగితం మీద రాసింది. "పూలు లేనప్పుడు ఏ మొక్కైనా ఒకటే. అయిదు ఆకులు, ఈ కొలతలు. పూల దుకాణంలో పూసి అయిపోయినవి ఓ మూల పడేసి ఉంటాయి. చూసి తీసుకురా."

"నేనా?"

"నేను వెళ్తే అందరూ గుర్తుపట్టరూ!"

నాన్న కుర్చీలోంచి, "వద్దే, పాపం తగులుతుంది," అన్నాడు. అమ్మ ఒక్క చూపు చూసింది. ఆయన కుక్కిన పేనులా పేపర్లోకి వెళ్ళిపోయాడు.

ఎందుకు వెళ్ళానంటే చెప్పుకోవడానికి గొప్ప కారణమేమీ లేదు. పిన్ని ముఖం చూసి చెప్పే ధైర్యం లేదు. అమ్మతో పడే ఓపిక లేదు. ఇలాంటివాటికి జనం పెద్ద పెద్ద కారణాలు చెబుతారు గానీ, చాలాసార్లు ఇంతే ఉంటుంది.

దుకాణంలో ఆ మొక్కలు మెట్ల కింద అట్టపెట్టెలో ఉన్నాయి. నేను కాగితం చూస్తూ ఆకులు కొలుస్తుంటే అక్కడ పనిచేసే ఆవిడ వింతగా చూసింది.

"చొక్కా కుట్టిస్తారేంటమ్మా దానికి?"

"ఇది ఏ రంగు పూస్తుంది?"

"ఎవరికి తెలుసు? పూలున్నప్పుడు రంగుకొకటి పెడతాం. రాలిపోయాక అన్నీ ఈ పెట్టెలోకే. వందల్లో వస్తాయి, వందల్లో పోతాయి."

ఇంటికి తెచ్చాక అమ్మ దాన్ని పిన్ని కుండీలోకి మార్చింది. పెన్సిలు చీటీని కడిగి గుచ్చింది. వెనక్కి జరిగి, తల వంచి చూసింది. ఏదో తక్కువైనట్టు చచ్చిన ఆకుల్లోంచి రెండోదాన్ని తీసి పక్కన పెట్టుకుని, "కాస్త పట్టుకో, కదులుతోంది," అంది. నేను కుండీని కదలకుండా పట్టుకున్నాను. అమ్మ గోటితో కొత్త మొక్క రెండో ఆకు అంచును గోరంత చింపింది. పాత చిరుగులా కనబడాలని అక్కడ కాల్చిన పిన్ను ఆనించింది. సన్నగా పొగ వచ్చింది.

"బాగుందా?" అంది.

"బాగుంది," అన్నాను.

నల్ల కవరు పట్టుకుని నేను కిందికి బయల్దేరుతుంటే అమ్మ నా ముఖం చూసి, సముదాయించడానికే అనుకుంటాను, ఇంకో మాట చెప్పింది. "నువ్వేదో లోకం మునిగినట్టు ఉండకు. రెండో అంతస్తు టీచరమ్మ మొక్క కూడా నేను మార్చిందే. బ్యాంకాయనవి రెండు. ఏమైంది? ఆవిడ రోజూ దాంతో కబుర్లు చెబుతోంది. మొక్క కావాలంటే మొక్క ఉంది, నమ్మకం కావాలంటే నమ్మకం ఉంది. ఎవరికేం తక్కువైంది?"

అప్పటిదాకా నేను అమ్మ సొంత మొక్కల శవాలే మోస్తున్నాననుకున్నాను. మెట్ల మీద ఆగి, ఇన్నేళ్ళలో మోసిన కవర్లలో ఎవరెవరివి ఉన్నాయో లెక్కేసుకోబోయి మానేశాను. కవరు అడుగున నీరు ఊరి నా చెప్పు మీద బొట్లు బొట్లుగా పడింది.

పిన్నికి మొక్కను అప్పగించింది కూడా నేనే. ఆవిడ గదంతా స్కూలు యూనిఫారాల కట్టలు, నీలం దారాలు. మిషను పక్కన కిటికీలో జాగా తుడిచి సిద్ధంగా ఉంచింది. కుండీ పెట్టగానే వంగి, ఆ రెండో ఆకు చిరుగు మీద వేలు పెట్టి నిమిరింది. అప్పుడే పుట్టిన పిల్లవాడి చెవి తడిమినట్టు తడిమింది.

"మీ అమ్మ చెయ్యి మంచిది తల్లీ. కూర్చో, టీ తాగి వెళ్ళు."

తాగాను.

ఆ తర్వాత ప్రతి ఆదివారం వెళ్ళాను. మొదట అమ్మే పంపించింది, "చచ్చిందేమో చూసి రా, తర్వాత మళ్ళీ తిప్పలు," అని. ఆ తర్వాత పంపకపోయినా వెళ్ళాను. చెప్పేయాలని వెళ్ళేదాన్ని. మింగలేక కక్కలేక, టీ మాత్రం మింగి వచ్చేదాన్ని. మూడో ఆదివారం ఆకు కింద నుంచి పూకాడ ముక్కు బయటపెట్టింది. పిన్ని నన్ను చూడగానే మెడలోని టేపు తీసి ఇచ్చింది. "నువ్వు కొలువమ్మా, నా కళ్ళు సరిగ్గా ఆనట్లేదు." అప్పటి నుంచి ప్రతి వారం నేను కాడను కొలిచేదాన్ని. ఆవిడ బట్టలు గీసే సుద్దతో కిటికీ చెక్క మీద గీత పెట్టేది. కొలుస్తున్నంతసేపూ కబుర్లు. ఆయన సీసాలను కడుపుకి హత్తుకుని బస్సెక్కిన కథ, కండక్టరు మందు సీసాలనుకుని దింపేసిన కథ. "ఆసుపత్రికి తీసుకెళ్తున్నానని ఒక్క అబద్ధం ఆడి ఉంటే దింపేవాడు కాదు. ఆడలేదు. ఆరు మైళ్ళు నడిచారు," అని నవ్వేది. నేనూ నవ్వేదాన్ని. నా నవ్వు నాకే చేపల ఎరువులా కంపు కొట్టేది.

మొగ్గలు వేశాక నాకు ఒకే ఒక కోరిక పట్టుకుంది. ఊదారంగు పూయాలి. తెలుపుకీ పసుపుకీ ఊదా పుట్టదు. పుడితే పిన్నికే అనుమానం వస్తుంది, ఆవిడే అడుగుతుంది, నేను నోరు తెరిచి మొదలుపెట్టక్కర్లేదు. చూశారా నా ధైర్యం, పువ్వు వచ్చి నా బదులు నిజం చెప్పాలట! మొగ్గ రోజురోజుకీ లావెక్కుతుంటే దాని చర్మం కింద ఎరుపు జీర కోసం వెతికేదాన్ని. పదమూడో ఆదివారం అది పాలిపోయిన ఆకుపచ్చగా ఉంది. పద్నాలుగో ఆదివారం ఇక అనుమానం లేదు.

"తెలుపు!" అంది అమ్మ నేను చెప్పగానే. చేతులు చరిచింది. "చూశావా? నేనెప్పుడూ చెబుతూనే ఉంటా, మనసు మంచిదైతే దేవుడు కలిపి తెస్తాడని."

నా జీవితంలో అంత రోత మాట నేను వినలేదు.

అమ్మ సంగతి ఇక్కడితో చెప్పేసి ముగిస్తాను, ఎందుకంటే ఆ తర్వాత ఇక చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. ఆ నెల దాటకుండానే నేను ల్యాబు దగ్గర ఒక గది తీసుకుని వెళ్ళిపోయాను. నాన్న అప్పుడప్పుడూ వచ్చి నా మంచం పక్కన జాగా చూసి, "అబ్బ, కాళ్ళు చాపుకోవచ్చు," అని కూర్చుంటాడు. అమ్మ దగ్గరికి జనం ఇంకా వస్తున్నారు. నిజం తెలిశాక కూడా పిన్ని ఎవరికీ చెప్పలేదు, నేను చెబితే ఎవరూ నమ్మలేదు. టీచరమ్మైతే నా మీద పోట్లాటకే వచ్చింది. అమ్మ ఇప్పటికీ ఫోను చేస్తే మొదట మొక్కల క్షేమం చెబుతుంది. నేను విని పెట్టేస్తాను.

నేనింకా ఇల్లు వదలకముందు, పదిహేనో ఆదివారం రెండు పూలు విచ్చుకున్నాయి. బృందమంతా పిన్ని గదిలోకి ఎక్కి వచ్చింది. యూనిఫారాల కట్టలు మంచం మీదికి ఎత్తి పన్నెండు మందీ ఇరుక్కుని నిలబడ్డారు. అమ్మ పూకాడకి వెదురు పుల్ల కడుతూ ఉపన్యాసం ఇచ్చింది. ఆ కుళ్ళిన వేర్లు, కాల్చిన కత్తెర, ఏడు వేర్లు, అన్నీ నిజాలే. "నా చేతిలో పడింది కాబట్టి బతికింది. ఇంకొకరైతే ఎప్పుడో పోయేది," అంది. అందరూ చప్పట్లు కొట్టారు. ఒకాయన, దీనికి మీ ఆయన పేరు పెట్టి పెద్ద ప్రదర్శనకి పంపాలమ్మా అన్నాడు. పిన్ని అందరికీ టీ ఇచ్చింది, అందరికీ తల ఊపింది. పువ్వు వైపు ఎక్కువగా చూడలేదు.

వాళ్ళు వెళ్ళాక నేను కప్పులు సర్దుతానని ఉండిపోయాను. పిన్ని నాకు ఇంకో కప్పు పోసి ఇచ్చి, మిషను ముందు స్టూలు మీద కూర్చుంది. కుట్టలేదు.

"ఆయన ఓడిపోయారు తల్లీ," అంది.

నేను పూల వైపు చూశాను.

"తెలుపు పూయాలని నేనెప్పుడు అనుకున్నాను? ఊరికే ఏడిపించడానికి అన్నాను. ఈ రెండేళ్ళూ పసుపే పూస్తుందనుకున్నా. పూస్తే, చూశారా, మీరే గెలిచారు అని చెప్పుకుందామనుకున్నా. ఆ మనిషి ఆ కాలేజీలో ఎప్పుడూ ఎవరి దగ్గరా గెలిచింది లేదు. పెద్ద సార్లు నవ్వేవాళ్ళు, అటెండరుకి విత్తనాల పరిశోధన ఏంటని. ఇందులో కూడా ఓడిపోయారు." పమిట కొసతో ముక్కు తుడుచుకుంది. "పోనీలే. నా ముందే కదా ఓడింది."

"ఆయన ఓడిపోలేదు పిన్నీ."

"ఊరడించకు."

"ఊరడించడం కాదు. ఇది ఆయన మొక్క కాదు."

చెప్పాను. ఎన్ని వారాలు మోశానో, తీరా చెప్పేసరికి నాలుగు వాక్యాలే అయింది. ఫొటో, కవరు, కుళ్ళు, దుకాణం. అమ్మను గట్టిగానే తిట్టాను. మనిషి కాదన్నాను. ఇన్నాళ్ళూ ఆ ఇంట్లో నాకు ఎంత అసహ్యంగా ఉందో చెప్పాను, ఆ చిరుగు చింపినప్పుడు ఎంత రోత పుట్టిందో చెప్పాను. మాట్లాడుతూ ఉంటే నాకే తేలిగ్గా అనిపించింది. పిన్ని ఏడుస్తుందనుకున్నాను, లేదా చెప్పు తీసుకుని కిందికి దిగుతుందనుకున్నాను. దిగితే వెనకాల నేనూ దిగుదామనుకున్నాను.

ఆవిడ అంతా విన్నది. కిటికీ వైపు తిరిగి ఆ తెల్లపూలను మొదటిసారి తేరిపార చూసింది. దుకాణంలో బట్ట నాణ్యం చూసినట్టు చూసింది.

"అయితే అది ఏం పూసేదో ఇంక ఎప్పటికీ తెలీదన్నమాట," అంది.

"తెలీదు."

"ఇది నీకు ఎప్పటి నుంచి తెలుసు?"

"మొదటి రోజు నుంచీ."

పిన్ని కిటికీ చెక్క మీద సుద్ద గీతలను కింద నుంచి పైకి వేలితో ఒక్కొక్కటే తాకుతూ వెళ్ళింది. లెక్కపెడుతోందని నాకు ఆలస్యంగా తెలిసింది. కోపం ఎక్కడా లేదు ఆ ముఖంలో. కొలత తప్పిందెక్కడో వెతుక్కుంటున్నట్టుంది.

"మీ అమ్మ ఒక్కరోజు చేసింది తల్లీ," అంది చివరికి. "నువ్వు ప్రతి ఆదివారం వచ్చి చేసి వెళ్ళావు."

ఆ మాట అన్నప్పుడు నా చేతిలో ఆవిడ పోసిన కప్పు ఉంది. తాగడానికీ లేదు, కింద పెట్టడానికి ఆ గదిలో జాగా లేదు. అది పట్టుకునే నిలబడ్డాను.